గోపన్‌పల్లిలో పిట్టల లెక్క!

మెడలో ఓ బైనాక్యులర్, చేతిలో ఓ ఫోను, ఆదివారం పొద్దున్నే నిద్ర లేవగలిగేంత ఓపిక... ఈ మూడూ ఉంటే చాలు, ఎవరైనా శాస్త్రవేత్తకు సాయం చెయ్యొచ్చు. ఐటీ కారిడార్‌ అంచున ఉన్న గోపన్‌పల్లి చుట్టుపక్కల అలా సాయపడుతున్నవారు చాలామందే ఉన్నారు. వాళ్లు చేసే పనల్లా పిట్టల్ని చూడటం, లెక్కపెట్టడం, రాసిపెట్టడం. అదేం పెద్ద పనా అంటారా... అయితే చదవండి!

చలికాలం ఆదివారం. పొద్దున ఆరున్నర. గోపన్‌పల్లి తండా కూడలి ఇంకా పూర్తిగా నిద్ర లేవలేదు. వారమంతా నల్లగండ్ల నుంచీ తెల్లాపూర్‌ నుంచీ గచ్చిబౌలి వైపు పరుగులు తీసే కార్లూ క్యాబులూ ఈ రోజు కనిపించవు. 2024 జులైలో ప్రారంభమైన ఫ్లైఓవర్‌ మీద పాల వ్యాన్లూ, సైక్లింగ్‌కి బయల్దేరిన కుర్రాళ్లూ తప్ప ఎవరూ లేరు. టీ కొట్టు దగ్గర పొయ్యి అప్పుడే అంటుకుంది. ఓ పక్క ముప్ఫై నలభై అంతస్తుల దాకా లేస్తున్న అపార్ట్‌మెంట్లు, వాటి మీద ఆగిన క్రేన్లు. ఇంకో పక్క గోడకు ఆవల హైదరాబాద్‌ కేంద్రీయ విశ్వవిద్యాలయం పచ్చదనం, దాని మధ్యలోంచి తొంగిచూసే నల్లటి రాతి గుండ్లు.

ఈ వేళప్పుడు అలాంటి గోడల పక్కనా చెరువు గట్ల మీదా కొందరు కనిపిస్తారు. వాకింగ్‌ చేస్తున్నట్టుంటారు కానీ నాలుగడుగులకోసారి ఆగిపోతారు. తల పైకెత్తి కరెంటు తీగల్నీ, తుమ్మకొమ్మల్నీ, సగం కట్టిన భవనాల అంచుల్నీ చూస్తారు. ఫోన్లో ఏదో నొక్కి మళ్లీ కదులుతారు. వాళ్లలో వారం రోజులూ కంప్యూటర్‌ ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే ఇంజినీర్లుంటారు, విద్యార్థులుంటారు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మలుంటారు, ఉద్యోగ విరమణ చేసిన పెద్దలుంటారు. వీళ్లకో పేరుంది... పౌర శాస్త్రవేత్తలు. ఇంగ్లిషులో సిటిజన్‌ సైంటిస్టులు. జీతం లేదు, హోదా లేదు. కానీ వీళ్లు రాసిచ్చిన లెక్కలు లేకపోతే దేశంలో ఏ పిట్ట తగ్గుతోందో, ఏది పెరుగుతోందో చెప్పడం నిపుణుల వల్ల కూడా కాదు.

కాకినీ వదలరు!

వీళ్ల పనిలో మొదటి సూత్రం- కనిపించినవన్నీ రాయాలి. అరుదైన పక్షి కోసం వెతుక్కుంటూ కాకినీ పావురాన్నీ వదిలేస్తే ఆ లెక్క పనికిరాదు. పదిహేను నిమిషాలో అరగంటో నిర్ణీత సమయం పెట్టుకుని, ఆ కాసేపట్లో కంటపడ్డవీ చెవిన పడ్డవీ అన్నీ నమోదు చెయ్యాలి. కాకులు 12, పావురాలు 30, గోరింకలు 6, చిలుకలు 4... ఇలా. తీగ మీద తోక చీల్చుకుని కూర్చున్న ఏట్రింత, పొదల్లోంచి గంభీరంగా కూసే జెముడుకాకి, పూలమీద వాలీ వాలకుండా తేనె పీల్చే తేనెపిట్ట, ఎవరైనా దగ్గరికి వస్తే చాలు ఊరంతా లేచేలా అరిచే తీతువు... అన్నిటికీ జాబితాలో చోటు ఉంటుంది.

ఈ జాబితాల్లో ఎక్కువ భాగం ‘ఈబర్డ్‌’ అనే ఉచిత ఆప్‌లోకి చేరతాయి. అమెరికాలోని కార్నెల్‌ విశ్వవిద్యాలయ పక్షి పరిశోధన కేంద్రం, ఆడుబాన్‌ సొసైటీ కలిసి 2002లో మొదలెట్టిన వేదిక ఇది. జాబితా పంపేముందు అది ఓ ప్రశ్న వేస్తుంది- మీరు గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాశారా అని. ‘అవును’ అని చెప్పిన జాబితాకే విలువెక్కువ. ఎందుకంటే అందులో లేని పిట్ట కూడా ఓ సమాచారమే! ఒకప్పుడు పది జాబితాల్లో ఎనిమిదింటిలో కనిపించిన పక్షి ఇప్పుడు రెండింటిలోనే కనిపిస్తోందంటే, ఏదో జరుగుతోందని అర్థం. ఆ ప్రాంతంలో ఆ కాలంలో ఉండే అవకాశం లేని పక్షిని రాస్తే ఆప్‌ అక్కడే హెచ్చరిస్తుంది. స్థానికంగా అనుభవమున్న పరిశీలకులు ఫొటో అడుగుతారు, వివరాలడుగుతారు. పొరపాటైతే సరిదిద్దుతారు. అందుకే కొత్తవాళ్లు తప్పు రాస్తామేమోనని భయపడాల్సిన పనిలేదు. తెలియకపోతే తెలియదని వదిలెయ్యడమే ఇక్కడ నిజాయతీ.

హైదరాబాద్‌కి ఈ సరదా కొత్తేమీ కాదు. 1931-32లో సలీం అలీ నిజాం రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశారు. 1980లో నగరంలో ఏర్పడిన బర్డ్‌వాచర్స్‌ సొసైటీ ఇప్పుడు ‘డెక్కన్‌ బర్డర్స్‌’ పేరుతో పనిచేస్తోంది. ‘హైదరాబాద్‌ బర్డింగ్‌ పాల్స్‌’ అనే మరో బృందమూ ఉంది. ఈ రెండూ, డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌-ఇండియా కలిసి 2025 ఫిబ్రవరిలో ‘హైదరాబాద్‌ బర్డ్‌ అట్లాస్‌’కి శ్రీకారం చుట్టాయి. పటం మీద నగరాన్ని గళ్లుగా విడగొట్టి, ఎంపిక చేసిన ప్రతి గడిలోకీ వాలంటీర్లు వెళ్లి చలికాలంలో ఓసారి, ఎండాకాలం దాటాక ఓసారి పక్షుల్ని లెక్కపెట్టడం దీని పద్ధతి. చెరువున్న గడే కాదు, బస్టాండున్న గడికీ వెళ్లాలి. అందమైన చోట్లనే చూసి నగరమంతా అలాగే ఉందనుకోకుండా ఉండటానికే ఈ నియమం. కేరళ ఇలాగే 2015 నుంచి 2020 దాకా రాష్ట్రమంతా చేసింది. వెయ్యిమందికి పైగా వాలంటీర్లు దాదాపు 25 వేల జాబితాలు రాసి 361 జాతుల్ని నమోదు చేశారు.

దసరా పిట్ట ఏదీ?

ఇంతకీ ఈ లెక్కలతో సామాన్యులకు ఒరిగేదేంటి? ఆ ప్రశ్నకు పాలపిట్టే జవాబు.

తెలంగాణ పల్లెల్లో దసరా అంటే జమ్మి, పాలపిట్ట. సాయంత్రం కొత్తబట్టలు కట్టుకుని ఊరు దాటి పొలాల వైపు నడిచి, జమ్మి పూజ చేసి, పాలపిట్ట కనిపించాక కానీ వెనక్కి తిరిగేవారు కాదు. కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉండి, రెక్క విప్పగానే నీలాలు రాలినట్టు మెరిసే ఆ పిట్టని చూస్తే ఏడాదంతా శుభమని నమ్మకం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి అదే రాష్ట్ర పక్షి. రాష్ట్రం ఏర్పడ్డాక 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వమూ దాన్నే ఎంచుకుంది. (ఆంధ్రప్రదేశ్‌ 2018లో రామచిలుకకి మారింది.)

గోపన్‌పల్లి లాంటి ఊళ్లలో పాలపిట్ట కోసం ఎక్కడికో వెళ్లాల్సిన అవసరం ఉండేది కాదు. దానికి కావలసినవన్నీ ఇక్కడి కంచెల్లోనే ఉండేవి. కూర్చుని కాపు కాయడానికి ఎత్తైన మొండి కొమ్మో కరెంటు తీగో, కింద మిడతలూ పురుగులూ తిరిగే ఖాళీ నేల, గుడ్లు పెట్టడానికి పాత చెట్టులో ఓ తొర్ర. ఇప్పుడు తీగలకు కొదవలేదు. ఖాళీ నేలా, తొర్రలున్న ముసలి చెట్టూ ఉండాలి కదా! కంచె నేల చూడటానికి బీడులా ఉంటుంది. పచ్చగా లేదు కాబట్టి పనికిరానిదనిపిస్తుంది. దాన్ని ప్లాట్లు చేసి, చుట్టూ తెచ్చిపెట్టిన మొక్కలు నాటితే ‘పచ్చదనం పెరిగింది’ అంటాం. కానీ ఆ పచ్చదనం పాలపిట్టకి పనికిరాదు.

ఇది కేవలం పాతకాలం వాళ్ల బెంగ కాదని చెప్పింది పౌర శాస్త్రవేత్తల లెక్కే. దేశవ్యాప్తంగా 30 వేలమందికి పైగా పక్షి పరిశీలకులు పంపిన మూడు కోట్ల నమోదుల్ని విశ్లేషించి 2023లో ‘స్టేట్‌ ఆఫ్‌ ఇండియాస్‌ బర్డ్స్‌’ నివేదిక విడుదల చేశారు. అందులో 942 జాతుల పరిస్థితిని పరిశీలించారు. దీర్ఘకాలిక ధోరణి చెప్పగలిగినంత సమాచారమున్న 338 జాతుల్లో 60 శాతం తగ్గుముఖంలో ఉన్నాయి. పాలపిట్టల సంఖ్య పన్నెండేళ్లలోనే సుమారు 30 శాతం పడిపోయిందనీ, దాని స్థితిని ప్రపంచస్థాయిలో మళ్లీ సమీక్షించాలనీ ఆ నివేదిక సూచించింది. నెమళ్లూ కోయిలలూ మాత్రం పెరిగాయి. అంటే... పక్షులన్నీ పోతున్నాయన్న గోలా నిజం కాదు, అన్నీ బాగున్నాయన్న భరోసా నిజం కాదు. ఏది ఎటు పోతోందో తెలియాలంటే ఎవరో ఒకరు రోజూ లెక్కపెట్టాల్సిందే.

కరవైన వస్తువుకి బేరం పుడుతుంది. నగరాల్లో దసరా రోజున పంజరంలో పాలపిట్టని తెచ్చి గుడి ముందో అపార్ట్‌మెంట్‌ గేటు దగ్గరో చూపించి డబ్బులడిగేవారు కనిపిస్తుంటారు. ఎగరకుండా రెక్కలు కట్టెయ్యడం, తిండీ నీళ్లూ లేక అది నీరసించిపోవడం చూసేవాళ్లకి తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడమూ నేరమే, బంధించడమూ నేరమే. స్వేచ్ఛగా ఎగిరే పిట్టని చూస్తే శుభమన్నారు కానీ కట్టేసిన పిట్టని చూస్తే అని పెద్దలెవరూ చెప్పలేదు!

జాబితాయే సాక్ష్యం

పిట్టల లెక్కకి ఎంత బరువుంటుందో ఈ ప్రాంతం 2025లో కళ్లారా చూసింది. గోపన్‌పల్లికి పొరుగునే ఉన్న హైదరాబాద్‌ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. అప్పట్లో దానికి 2,300 ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. బఫెలో లేక్‌, పీకాక్‌ లేక్‌ అనే చెరువులూ, మష్రూమ్‌ రాక్‌ అని పిలిచే పుట్టగొడుగులాంటి బండా, జింకలూ, నెమళ్లూ... చదువుకోవడానికి వచ్చినవాళ్లకి పాఠాలతోపాటు అడవీ దొరికేది. ఏళ్ల తరబడి విద్యార్థులూ బయటి పక్షి ప్రియులూ అక్కడ తిరిగి చూసిన ప్రతిదీ రాసిపెట్టారు. అలా 220కి పైగా పక్షి జాతుల జాబితా తయారైంది. ‘మురిసియా హైదరాబాదెన్సిస్‌’ అనే సాలీడునైతే ఈ ఆవరణలోనే కొత్తగా గుర్తించి 2010లో ప్రపంచానికి చెప్పారు. దాని పేరులోనే మన ఊరు ఉంది.

పక్కనే ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్ని అభివృద్ధి చెయ్యాలన్న ప్రభుత్వ ఆలోచనతో వివాదం మొదలైంది. 2025 మార్చి 30న, సరిగ్గా ఉగాది రోజున యంత్రాలు దిగాయి. విద్యార్థులు అడ్డుపడ్డారు. అది ప్రభుత్వ భూమేననీ, అటవీ భూమి కాదనీ, దానికి బదులుగా 2004లోనే విశ్వవిద్యాలయానికి గోపన్‌పల్లిలో 397 ఎకరాలు ఇచ్చామనీ ప్రభుత్వం తరఫున వాదించారు. ఏప్రిల్‌ 3న సుప్రీంకోర్టు తనంత తానుగా జోక్యం చేసుకుని చెట్ల నరికివేత ఆపాలని ఆదేశించింది. అప్పటికే వంద ఎకరాల మేర పచ్చదనం పోయిందని కోర్టుకి నివేదిక అందింది.

భూమి ఎవరిదన్నది కాగితాలు తేల్చాల్సిన విషయం. కానీ ఆ నేలమీద ఏముందన్న ప్రశ్న వచ్చినప్పుడు పత్రికలైనా, టీవీలైనా, ఉద్యమకారులైనా చూపించింది ఆ పాత జాబితాల్నే. ఆదివారం పొద్దున్నే సరదాగా వెళ్లి పిట్ట పేరూ తేదీ రాసుకున్నవాళ్లెవరూ అది ఒకనాడు ఇంత చర్చలో నిలబడుతుందని అనుకుని ఉండరు. ఆస్తికి దస్తావేజు ఉన్నట్టే, ప్రకృతికీ ఓ దస్తావేజు కావాలి. దాన్ని ముందే రాసిపెట్టుకోవాలి. బుల్డోజరు వచ్చాక రాద్దామంటే కుదరదు.

వేటగాడే శాస్త్రవేత్త

చదువుకున్నవాళ్లకే ఇవన్నీ సాధ్యమనుకుంటే పొరపాటు. తెలుగునాట అతి గొప్ప పక్షి ఆవిష్కరణ వెనకున్నది ఓ వేటగాడు. కలివికోడి... ప్రపంచంలో మరెక్కడా కాక మన కడప ప్రాంతపు చిట్టడవుల్లోనే బతికే రాత్రి పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోయేసరికి అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్‌ హిస్టరీ సొసైటీ పరిశోధకులు బొమ్మ పట్టుకుని ఊరూరా తిరిగి అడిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దాన్ని చూసి పట్టుకొచ్చి చూపించాడు. దురదృష్టవశాత్తూ ఆ పిట్ట బతకలేదు. కానీ ఆ జాతి బతికే ఉందని లోకానికి తెలిసింది. ఆ ప్రాంతం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది. తర్వాత మళ్లీ ఏళ్లకేళ్లు దాని జాడ లేదు. 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప అడవుల్లో దాని కూతని రికార్డు చేసి మళ్లీ ఆశలు రేపారు. రెండుసార్లూ పని జరిగింది ఓపికగా చూసినవారి వల్లే, విన్నవారి వల్లే.

అసలు ఈ ఆలోచన పుట్టుకే వేట నుంచి. వందేళ్లకు ముందు అమెరికాలో క్రిస్మస్‌ వచ్చిందంటే రెండు జట్లుగా విడిపోయి ఎవరెక్కువ పక్షుల్ని కాల్చితే వాళ్లు గెలిచినట్టు పోటీ పెట్టుకునేవారు. 1900లో ఫ్రాంక్‌ చాప్‌మన్‌ అనే పక్షి నిపుణుడు, కాల్చడం మాని లెక్కపెడదాం అన్నాడు. ఆ ఏడాది 27 మంది ముందుకొచ్చారు. ఆ లెక్క ఇప్పటికీ ఏటా జరుగుతూనే ఉంది. మన దేశంలో 2013 నుంచి ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ‘గ్రేట్‌ బ్యాక్‌యార్డ్‌ బర్డ్‌ కౌంట్‌’ జరుగుతోంది. తమిళనాడులో పొంగల్‌కీ, కేరళలో ఓణానికీ పండగ లెక్కలు ఉన్నాయి. ముగ్గులూ గొబ్బెమ్మలూ ఉన్న సంక్రాంతికి మనమూ మన వాకిట్లో వాలే పిట్టల్ని లెక్కపెట్టుకుంటే కాదనేవారెవరు?

తిమింగలాలకీ ఇదే పద్ధతి

ఇదే పద్ధతి సముద్రంలోకీ వెళ్లింది. తిమింగలం తోక అడుగుభాగం మీది మచ్చలూ గీతలూ మన వేలిముద్రల్లాగా ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. పడవల్లో షికారుకెళ్లిన పర్యటకులు తీసిన తోక ఫొటోల్ని ‘హ్యాపీవేల్‌’ అనే వేదిక 2015 నుంచి సేకరిస్తోంది. ఒక సముద్రంలో కనిపించిన తిమింగలం ఎంత దూరం వెళ్లిందో వాటి ఆధారంగా తెలుస్తోంది. మనదేశంలోనూ సముద్ర క్షీరదాల పరిశోధకుల బృందం ఒకటి డాల్ఫిన్లూ తిమింగలాలూ కనిపించిన వివరాల్ని, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సందర్భాల్ని మామూలు జనం నుంచి సేకరించి ఒకచోట చేరుస్తోంది. ఒడ్డున తిరిగే జాలరి కన్నా ముందు ఆ సంగతి తెలిసేదెవరికి? విశాఖకో కాకినాడకో విహారానికి వెళ్లినప్పుడు డాల్ఫిన్‌ కనిపిస్తే సెల్ఫీతోపాటు తేదీ, సమయం, చోటు, ఎన్ని ఉన్నాయో రాసుకొస్తే అదీ ఓ నమోదే.

సముద్రం లేని హైదరాబాద్‌లోనే సముద్రాన్ని కనిపెట్టి చూసే ఇన్‌కాయిస్‌ సంస్థ ఉంది. 2007 నుంచి సునామీ హెచ్చరికలు వెలువడేది నగరంలోని ప్రగతినగర్‌ దగ్గరున్న ఆ కేంద్రం నుంచే. ఎక్కడున్నామన్నది కాదు, గమనిస్తున్నామా లేదా అన్నదే ముఖ్యం.

మీరూ మొదలుపెట్టొచ్చు

ఇందుకు గోపన్‌పల్లి దాకా రానక్కర్లేదు. మీ బాల్కనీ చాలు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది లోపు పదిహేను నిమిషాలు కేటాయించండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. మొదటివారం అయిదు పిట్టల్ని గుర్తుపడితే గొప్పే. పిల్లలు ఇంగ్లిషు పేర్లు చెబితే ఇంట్లో పెద్దవాళ్లని తెలుగు పేరు అడగండి. గిజిగాడు, బుడుబుంగ, కౌజు, లకుముకి పిట్ట... ఈ పేర్లు పిట్టలకన్నా వేగంగా మాయమవుతున్నాయి మరి!

కొన్ని నియమాలు మాత్రం తప్పవు. గూటి దగ్గరికి వెళ్లకూడదు, గుడ్లనీ పిల్లల్నీ ఫొటోలు తీయకూడదు. పక్షి కూతల్ని ఫోన్లో గట్టిగా వినిపించి దాన్ని రప్పించకూడదు. విశ్వవిద్యాలయం లాంటి ఆవరణల్లోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు. బైనాక్యులర్‌ లేకపోయినా ఫర్వాలేదు. కంటికీ చెవికీ అలవాటయ్యాక కొనుక్కోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం- ఒకే చోట మళ్లీ మళ్లీ చూడటం. ఒక్కసారి వంద పిట్టల్ని చూసి వదిలెయ్యడం కంటే, అదే గట్టు మీద ఏడాదిపాటు వారం వారం పది పిట్టల్ని లెక్కపెట్టినవారి జాబితాకే విలువ.

తొమ్మిదయ్యేసరికి గోపన్‌పల్లి మళ్లీ మామూలైపోతుంది. క్రేన్లు కదులుతాయి, టిఫిన్‌ సెంటర్ల ముందు బండ్లు నిలుస్తాయి, పిట్టల గొంతులు హారన్లలో కలిసిపోతాయి. పిట్టల్ని చూడవచ్చినవాళ్లు ఫోన్లు జేబులో పెట్టుకుని ఇళ్లకు వెళ్లిపోతారు. కాకులెన్నో, గోరింకలెన్నో ఆ రోజు లెక్క అప్పటికే చేరాల్సిన చోటికి చేరిపోయి ఉంటుంది. పాలపిట్ట పేరు ఎదురుగా కొన్ని వారాలు ఒకటి, కొన్ని వారాలు సున్నా.

ఆ సున్నా రాయడం ఎవరికీ ఇష్టముండదు. అయినా రాస్తారు. రేపు దసరాకి పిల్లలు పాలపిట్ట ఏదని అడిగితే, ఉన్నప్పుడు ఎక్కడుండేదో, ఎప్పటినుంచి కనిపించడం మానేసిందో చెప్పడానికైనా ఓ లెక్క ఉండాలి కదా. ఆ లెక్క సరిగ్గా ఉంటే, మళ్లీ దాన్ని రప్పించడానికి ఏం చెయ్యాలో కూడా దాంట్లోనే దొరకొచ్చు!